రెండు సెంటీమీటర్ల బోనులో నక్షత్రపు ఇనుము

(డిగ్రీ, పీజీ భౌతికశాస్త్ర విద్యార్థుల కోసం గుంటూరులో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

గుంటూరులో నిలబడి వర్ణపటాల గురించి మాట్లాడటం నాకు మామూలు సంగతి కాదు. ఎందుకో చెబుతాను. 1868 ఆగస్టు 18న ఈ ఊరి మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియెర్ జాన్సెన్ ఓడెక్కి వచ్చి ఇక్కడ దుర్భిణి నిలబెట్టాడు. టెనంట్ నాయకత్వంలో బ్రిటిష్ బృందం ఒకటి కూడా ఇక్కడే దిగింది. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధికారి నార్మన్ పాగ్సన్ ఉన్నాడు. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన ఆ కాసిని నిమిషాల్లో, అంచున లేచిన ఎర్రటి సౌరజ్వాలల వెలుగును పట్టకంలో విడదీసి చూశారు. అందులో కాంతిమంతమైన గీతలు కనిపించాయి. అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చు కదా అనిపించింది జాన్సెన్‌కి. మర్నాడు ఇదే ఊళ్ళో మామూలు ఎండలో వాటిని చూసి చూపించాడు.

ఆ గీతల్లో ఒకటి పసుపుపచ్చది. పొయ్యి మంటలో ఉప్పు పడితే వచ్చే పసుపు ఉందే, సోడియంది, దాదాపు అదే చోట ఉంది కానీ సరిగ్గా అదే చోట లేదు. అది సోడియం గీతతో కలవడం లేదని పాగ్సన్ గమనించాడు. తరవాత ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ దాన్ని పట్టుకుని, ఇది భూమ్మీద మనకు తెలియని మూలకం అన్నాడు. హీలియం అన్నాడు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజంలోంచి ఆ వాయువును బయటికి తీశాడు. హీలియం గుంటూరులో పుట్టిందని మనవాళ్ళు ముచ్చటగా అంటుంటారు. నేనైతే ఆ గౌరవాన్ని నలుగురైదుగురికి పంచుతాను, అందులో మచిలీపట్నానికీ వాటా ఇస్తాను.

ఈరోజు నేను చెప్పవలసిన కథ మాత్రం ఆ మరుసటి ఏడాది గ్రహణంతో మొదలవుతుంది. 1869 ఆగస్టు 7న అమెరికాలో గ్రహణం. చార్లెస్ యంగ్, విలియం హార్క్‌నెస్ వేరువేరుగా సూర్యుడి కరోనాను, అంటే గ్రహణం వేళ సూర్యుడి చుట్టూ తెల్లగా పరుచుకునే ఆ ప్రభామండలాన్ని, పట్టకంలోంచి చూశారు. ఆకుపచ్చ రంగులో ఒంటరిగా ఒక గీత. ఇప్పటి కొలతల్లో 530.3 నానోమీటర్లు. అది కూడా తెలిసిన ఏ మూలకానిదీ కాదు. హీలియం అనుభవం ఉంది కాబట్టి దీనికీ ఒక పేరు పెట్టేశారు: కరోనియం.

హీలియం దొరికింది. కరోనియం దొరకలేదు. ఆవర్తన పట్టికలో గళ్ళు ఒక్కొక్కటే నిండుతూ వచ్చాయి. కరోనియానికి చోటు మిగలలేదు. డెబ్భై ఏళ్ళు గడిచాక, 1939లో జర్మనీలో వాల్టర్ గ్రోట్రియన్ ఎర్రగీత ఒకదాని గురించి చిన్న సూచన చేస్తే, దాన్ని పట్టుకుని స్వీడన్‌లో బెంగ్ట్ ఎడ్లేన్ 1940ల మొదట్లో లెక్క తేల్చాడు. ఆకుపచ్చ గీత ఇనుముది. ఈ కిటికీ ఊచలో ఉన్న ఇనుమే. కాకపోతే దాని 26 ఎలక్ట్రాన్లలో 13 ఊడిపోయాయి.

దీని అర్థం ఎంత పెద్దదో ఒక్కసారి ఆలోచించండి. ఇనుము నుంచి పదమూడో ఎలక్ట్రాన్‌ను ఊడబెరకాలంటే దాదాపు 361 ఎలక్ట్రాన్‌వోల్ట్ల శక్తి కావాలి. సూర్యుడి ఉపరితలం 5,800 కెల్విన్లే. ఆ వేడికి ఒకటో రెండో ఎలక్ట్రాన్లు ఊడతాయి. ఎంత వేడికి ఎంత ఊడుతుందో లెక్కకట్టే సూత్రాన్ని 1920లో మన మేఘనాథ్ సాహాయే ఇచ్చాడు. పదమూడు ఊడాలంటే కరోనా పది, ఇరవై లక్షల డిగ్రీల్లో ఉండాలి. అంటే పొయ్యి కంటే పొయ్యి మీది పొగ వందల రెట్లు వేడిగా ఉందన్నమాట! ఒక గీతకు సరైన పేరు పెట్టగానే సూర్యుడి గురించి అప్పటిదాకా అనుకున్నదంతా తిరగరాయాల్సి వచ్చింది. అందుకే నేను గీతల దగ్గర ఇంతసేపు ఆగుతున్నాను.

సరే, ఇనుము గీతే అయితే ప్రయోగశాలలో ఎందుకు కనిపించలేదు? ఎవరైనా చెబుతారా? ఆ, వెనక వరుసలోంచి సమాధానం వచ్చింది: అంత వేడి పుట్టించలేం. నిజమే, అది సగం కారణం. మిగతా సగం ఓపికకు సంబంధించింది. మామూలుగా ఉత్తేజితమైన పరమాణువు నానోసెకన్లలో కాంతిని వదిలేసి కిందికి దిగిపోతుంది. ఈ ఆకుపచ్చ గీతను వెలిగించే ఇనుప అయాన్, అంటే ఎలక్ట్రాన్లు ఊడిన ఇనుప పరమాణువు మాత్రం సగటున 16.7 మిల్లీసెకన్లు ఆగుతుంది. మనకు కనురెప్పపాటు కూడా కాదు. పరమాణువుకు అది యుగం. మామూలు డిశ్చార్జి గొట్టంలో అంతసేపు ఏ పరమాణువునూ పక్కవాళ్ళు ప్రశాంతంగా ఉండనివ్వరు. ఎవరో ఒకరు వచ్చి గుద్ది ఆ శక్తిని లాగేసుకుంటారు. వీటిని నిషిద్ధ రేఖలంటాం. అంటే రెండు విరుద్ధమైన పనులు ఒకేచోట జరగాలి. అయాన్‌ను దారుణంగా కొట్టి పదమూడు ఎలక్ట్రాన్లు ఊడగొట్టాలి. కొట్టాక దాన్ని ఎవరూ ముట్టుకోకుండా పట్టి ఉంచాలి.

ఆ రెండూ చేసే యంత్రం గురించే ఈరోజు మాట్లాడబోతున్నాను. ఎలక్ట్రాన్ బీమ్ అయాన్ ట్రాప్. పొడిగా ఈబిట్ అంటాం. తెలుగులో నేను అయాన్ బోను అంటుంటాను.

పరమాణువును ఒలవడానికి అంతకుముందే ఒక దారి ఉంది. అయాన్లను పెద్ద యాక్సిలరేటర్‌లో మహావేగంగా పరిగెత్తించి పలుచటి రేకుల్లోంచి దూసుకుపోనిస్తే, రేకు దగ్గర ఎలక్ట్రాన్లు రాలిపోతాయి. మన ఢిల్లీలో ఐయూఏసీ పరిశోధన కేంద్రంలోని పెల్లెట్రాన్ అనే యాక్సిలరేటర్ దగ్గర పలుచటి కార్బన్ రేకులతో ఈ పద్ధతిలో ఎన్నో ప్రయోగాలు జరిగాయి. యురేనియాన్ని పూర్తిగా ఒలిచింది కూడా ముందు అలాగే, 1980ల్లో కాలిఫోర్నియాలో బెర్క్‌లీలోని బెవలాక్ అనే యాక్సిలరేటర్‌లో. కానీ ఆ అయాన్ ఆగదు. కాంతివేగంలో పెద్ద భాగంతో పోతూ ఉంటుంది. పరిగెత్తే రైలు కిటికీలోని మనిషి ముఖం చదవడం లాంటిది. డాప్లర్ మార్పు, అంటే వేగం వల్ల గీత చోటు జరగడం, సరిదిద్దుకోవడంతోనే సగం జీవితం గడిచిపోతుంది.

రష్యాలో దుబ్నా అనే ఊరు ఉంది, వోల్గా ఒడ్డున. అక్కడి సంయుక్త అణు పరిశోధన సంస్థలో 1960ల చివర ఎవ్గెనీ దొనెత్స్ దీన్ని తిరగేసి ఆలోచించాడు. అయాన్‌ను పరిగెత్తించి ఎలక్ట్రాన్ల మీదికి తోలడమెందుకు? అయాన్‌ను నిలబెట్టి ఎలక్ట్రాన్లనే దాని మీదికి తోలితే? దెబ్బ దెబ్బే కదా. ఆయన యంత్రం అయాన్లను తయారుచేసి బయటికి పంపే మూలం, మీటరు పొడవున ఉండేది. ఆ ఆలోచనను తీసుకుని 1980ల మధ్యలో కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో మార్టన్ లెవిన్, రాస్ మార్స్ ఒక విచిత్రమైన పని చేశారు. యంత్రాన్ని కత్తిరించేశారు. పొడవు రెండు సెంటీమీటర్లు చేశారు. పొడవాటి పుంజంలో పుట్టే అలజడి పొట్టిదానిలో ఉండదని వాళ్ళ అంచనా. ఇంకో మార్పు, నా దృష్టిలో అసలైన మార్పు ఇదే: బోను పక్కన సన్నటి చీలికలు పెట్టారు. అయాన్లను బయటికి తీయడం కాదు, లోపల ఉన్నవాటిని చూడటం ముఖ్యమన్నారు.

లోపల ఏం జరుగుతుందో చెబుతాను, కళ్ళ ముందు ఊహించుకోండి. ఒక చివర ఎలక్ట్రాన్ తుపాకి. వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరతాయి. ఇప్పుడు దారిలో ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచిన సూపర్‌కండక్టింగ్ తీగచుట్లు రెండున్నాయి. లివర్‌మోర్ యంత్రంలో వాటి అయస్కాంత క్షేత్రం 3 టెస్లాలు. ఆ క్షేత్రం పుంజాన్ని పిండి పిండి తలవెంట్రుక మందానికి తెస్తుంది. పుంజంలో ప్రవాహం చూస్తే ఆంపియర్‌లో పదో వంతు, ఆ చుట్టుపక్కల. అంతే. కానీ వెంట్రుక మందంలో కూరాం కాబట్టి ఒక చదరపు సెంటీమీటరుకు లెక్కేస్తే వేల ఆంపియర్లు. అవతలి చివర కలెక్టర్ ఆ ఎలక్ట్రాన్లను మింగేస్తుంది.

బోను గోడలు ఏవి? ఇక్కడే నాకు ఈ యంత్రం మీద ప్రేమ పుట్టింది. పుంజం నిండా ఉన్నవి రుణావేశపు ఎలక్ట్రాన్లు. ధనావేశపు అయాన్లను అవే తమలోకి లాగి పట్టుకుంటాయి. అంటే కొట్టే చెయ్యే పట్టుకునే చెయ్యి. పక్కలకు పోకుండా పుంజం ఆపుతుంది. ముందుకూ వెనక్కూ పోకుండా మూడు గొట్టాలు ఆపుతాయి. మధ్య గొట్టం కంటే రెండు చివరి గొట్టాలకు వోల్టేజి కాస్త ఎక్కువ పెడతాం. అయాన్‌కు అది చిన్న లోయ, రెండువైపులా గట్లు. గట్టు దాటలేదు. లోయలో అటూ ఇటూ తిరుగుతూ ప్రతి చుట్టులోనూ ఎలక్ట్రాన్ దెబ్బలు తింటూ ఒక్కో ఎలక్ట్రాన్‌నూ పోగొట్టుకుంటుంది.

ఎక్కడ ఆగాలో మనం నిర్ణయించొచ్చు. ఇది సూర్యుడికి కూడా లేని సౌకర్యం. వేడి వాయువులో ఎలక్ట్రాన్లకు రకరకాల వేగాలుంటాయి కాబట్టి అన్నిరకాల అయాన్లూ కలగాపులగంగా ఉంటాయి. ఇక్కడ ఎలక్ట్రాన్లన్నిటికీ దాదాపు ఒకే శక్తి. ఇనుమునే తీసుకోండి. మొదటి ఎలక్ట్రాన్ ఊడటానికి 7.9 ఎలక్ట్రాన్‌వోల్ట్లు చాలు. పదహారోదానికి 489 కావాలి. పదిహేడోదానికి ఒక్కసారిగా 1,263. ఎందుకంటే పదహారు పోయాక మిగిలేవి పది, నియాన్‌లాగా నిండిన కక్ష్య. దాన్ని బద్దలుకొట్టడం కష్టం. కాబట్టి పుంజం శక్తిని ఈ రెండింటి మధ్య, సరే, వెయ్యి దగ్గర పెట్టామనుకోండి. బోనులో పోగయ్యే ఇనుములో చాలాభాగం సరిగ్గా పదహారు మెట్లు ఎక్కి అక్కడ నిలబడిపోతుంది. వోల్టేజి నాబ్ తిప్పితే అయాన్ మారుతుంది. చిట్టచివరి ఎలక్ట్రాన్ దాకా వెళ్ళాలంటే ఇనుముకు 9,278 ఎలక్ట్రాన్‌వోల్ట్లు, యురేనియానికి సుమారు 1,32,000. అది కూడా లివర్‌మోర్‌వాళ్ళే సూపర్ ఈబిట్ అని దాదాపు రెండు లక్షల వోల్ట్ల యంత్రం కట్టి, 92 ఎలక్ట్రాన్లూ పోయిన వట్టి యురేనియం కేంద్రకాన్ని నిలబెట్టి పట్టుకున్నారు. 1994లో ప్రచురించారు. ఆ పుంజంలో ఎలక్ట్రాన్ల వేగం కాంతివేగంలో 70 శాతం దగ్గర ఉంటుంది.

ఇన్ని దెబ్బలు తింటే అయాన్లు వేడెక్కవా అని మీకు అనుమానం రావాలి. వేడెక్కుతాయి. గట్టు దాటి పారిపోయేంత వేడెక్కుతాయి. దీనికి మందు మన ఇళ్ళల్లోనే ఉంది. గుంటూరు మే నెల ఎండలో మట్టికుండలో నీళ్ళు ఎలా చల్లగా ఉంటాయి? కుండ గోడల్లోంచి చెమ్మ ఊరి ఆవిరవుతూ వేడిని తనతో పట్టుకుపోతుంది. బోనులోకి నియాన్ లాంటి తేలిక వాయువు కొద్దిగా వదులుతాం. తేలిక అయాన్‌కు ఆవేశం తక్కువ కాబట్టి గట్టు కూడా తక్కువ ఎత్తుగా అనిపిస్తుంది. అది బరువు అయాన్ల నుంచి వేడి తీసుకుని ముందుగా దాటిపోతుంది. బరువైనవి చల్లబడి లోయ అడుగునే గంటల తరబడి ఉండగలవు.

నేను అలాంటి యంత్రం దగ్గర పనిచేసిన మొదటి ఏడాది సంగతి ఒకటి చెబుతాను. ఇనుము కోసం ఐరన్ పెంటాకార్బొనిల్ అనే ద్రవం వాడతాం. దాని ఆవిరిని సన్నగా లోపలికి వదిలితే పుంజం దాన్ని ముక్కలు చేస్తుంది, ఇనుము మిగులుతుంది. వర్ణపటంలో ఇనుము గీతలు అనుకున్నచోటే వచ్చాయి. వాటి పక్కన రెండు గీతలు ఏ పట్టికలోనూ లేవు. పైగా సమయం గడిచేకొద్దీ బలపడుతున్నాయి. రెండు రాత్రులు నిద్రపోలేదు. కొత్త గీతలు దొరికాయని ఇంటికి ఫోన్ చేసి అమ్మకు కూడా చెప్పాను. మూడో రోజు మా సీనియర్ వచ్చి, ఇనుము ఆవిరి ఆపేసి చూడు అన్నారు. ఆపేశాను. గీతలు పోలేదు. అవి బేరియంవి. తుపాకి కాథోడ్‌లోనే బేరియం ఉంటుంది. దీపావళికి ఆకుపచ్చగా వెలిగే మతాబుల్లో ఉండేదీ ఆ బేరియం లవణమే. అది కొద్దికొద్దిగా ఆవిరై వచ్చి బోనులో చేరుతుంది. బరువైనది కాబట్టి కదలదు, చేరుతూనే ఉంటుంది. అందుకే కొన్ని సెకన్లకోసారి బోను మధ్య గొట్టం వోల్టేజి పైకెత్తి అంతా పారబోసి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ మాట పుస్తకంలో ఒక వాక్యం. నాకు రెండు రాత్రుల దుఃఖం. ఆ తరవాత ఏ గీత చూసినా, ఇది నేను పెట్టిన ఇనుమేనా అని ముందు అడిగే అలవాటు వచ్చింది.

ఇక ఇనుము గురించి, పదహారు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము గురించి చెప్పాలి. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే ఈ కథ చెప్పడం కోసం.

నిండిన కక్ష్య కాబట్టి ఈ అయాన్ మొండిది అన్నాను కదా. సుమారు ఇరవై లక్షల డిగ్రీల నుంచి కోటి డిగ్రీల దాకా వేడి ఎలా మారినా ఇది నిలబడి ఉంటుంది. అందువల్ల సూర్యుడిలో, కపెల్లా వంటి నక్షత్రాల్లో, గెలాక్సీల్లో ఎక్కడ చూసినా ఎక్స్‌రే వర్ణపటంలో ఇదే ప్రకాశంగా ఉంటుంది. అందులో రెండు గీతలు ముఖ్యం. ఒకటి 826 ఎలక్ట్రాన్‌వోల్ట్ల దగ్గర, పేరు 3సి. ఇంకోటి 812 దగ్గర, పేరు 3డి. రెండింటి బలాల నిష్పత్తి తెలిస్తే ఆ వాయువు ఎంత చిక్కగా ఉందో, వెలుగు దారిలో ఎంత చెదిరిపోయిందో చెప్పొచ్చు. క్వాంటం లెక్కలు చేసినవాళ్ళు ఈ నిష్పత్తి మూడున్నర నుంచి నాలుగు మధ్య ఉండాలన్నారు. నక్షత్రాల్లో చూస్తే తక్కువ. 3సి బలహీనంగా ఉంది.

ఖగోళశాస్త్రవేత్తలు ముందు ఇచ్చిన జవాబు సహజమైనదే. 3సి బలమైన గీత కాబట్టి దాని వెలుగును దారిలోని ఇనుమే మళ్ళీ పీల్చుకుని పక్కలకు చెదరగొడుతోంది అన్నారు. దాని మీద వ్యాసాలు వచ్చాయి. దాని మీద ఆధారపడి చిక్కదనాలు లెక్కకట్టారు. 1998లో లివర్‌మోర్‌వాళ్ళు ఇదే నిష్పత్తిని ఈబిట్‌లో కొలిచారు. బోనులో ఉన్న అయాన్లు చాలా పల్చన, వెలుగును చెదరగొట్టేంత మంది అక్కడ లేరు. అయినా నిష్పత్తి 3 దగ్గరే వచ్చింది. అంటే తప్పు నక్షత్రంలో లేదు. లెక్కలోనో కొలతలోనో ఉంది.

లెక్కలో ఎక్కడ? ఎలక్ట్రాన్ గుద్దినప్పుడు అయాన్ ఎంత ఉత్తేజితమవుతుందన్న భాగంలోనా, లేక అయాన్ స్వయంగా కాంతిని ఎంత బలంగా పీల్చి వదులుతుందన్న భాగంలోనా? దీన్ని విడదీయాలంటే ఎలక్ట్రాన్లతో కాక కాంతితోనే అయాన్‌ను ఉత్తేజపరచాలి. జర్మనీలోని హైడెల్‌బర్గ్ మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్ళు తమ ఈబిట్‌ను అమెరికాకు తీసుకెళ్ళారు. స్టాన్‌ఫర్డ్ దగ్గర ఎల్‌సీఎల్ఎస్ అనే ఎక్స్‌రే లేజర్ ఉంది. దాని కిరణాన్ని సరిగ్గా బోనులో ఉన్న వెంట్రుక మందపు అయాన్ల మీదికి గురిపెట్టారు. 2012లో ఫలితం వచ్చింది: 2.61. మూడు కూడా లేదు! అప్పుడు అందరూ ఒక్కటే అన్నారు, క్వాంటం లెక్కే తప్పు అని. లెక్కలవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. ఇంకా పెద్ద కంప్యూటర్లతో, ఇంకా ఎక్కువ ఎలక్ట్రాన్ స్థితులు కలిపి చేశారు. వాళ్ళ సంఖ్య కదల్లేదు. మూడున్నర దగ్గరే నిలబడింది. వాళ్ళలో కొందరు, లేజర్ మరీ తీవ్రంగా ఉండటంతో అయాన్ల సహజ ప్రవర్తన చెదిరిపోయి ఉంటుంది అన్నారు.

ఆ అనుమానం తీరాలంటే మెత్తటి కాంతి కావాలి. హాంబర్గ్‌లో పెట్రా-3 సింక్రోట్రాన్ ఉంది, ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి ఎక్స్‌రేలు పుట్టించే యంత్రం. ఈసారి ఈబిట్ కూడా మారింది. ద్రవ హీలియం లేదు, సూపర్‌కండక్టర్ లేదు, ఒక టెస్లాకు కొద్దిగా తక్కువ బలమున్న శాశ్వత అయస్కాంతాలతో బల్లమీద పట్టే యంత్రం. 2020లో వచ్చిన సంఖ్య 3.09. ఇంకా తక్కువే. లేజర్ మీద పెట్టిన నింద కూడా పూర్తిగా నిలబడలేదు.

ఇక్కడ చాలామంది ఆగిపోయి ఉండేవారు. ఒకసారి కాదు, మూడు రకాల ప్రయోగాలు ఒకే వైపు చెప్పాయి కదా. వాళ్ళు ఆగలేదు. అదే హాంబర్గ్‌లో, గీతను రెండున్నర రెట్లు సన్నగా విడదీసేలా, వెనకాల ఉండే అనవసరపు చప్పుడు కంటే అసలు సంకేతం వెయ్యి రెట్లు మెరుగ్గా ఉండేలా ప్రయోగాన్ని మళ్ళీ కట్టారు. 2022లో ప్రచురించారు. 3.51. లెక్క చెప్పినది 3.55. కలిసిపోయాయి.

మరి అంతకుముందు కొలతల్లో ఏం జరిగింది? కల్లంలో వడ్ల రాశి పోసినప్పుడు చూడండి. మధ్యలో పోగు ఎత్తుగా ఉంటుంది, చుట్టూ గింజలు పల్చగా చెదిరి చాలా దూరం పోతాయి. ఎత్తుగా ఉన్నదాన్ని మాత్రమే కొలిచి, చెదిరిన గింజలను మట్టిగా లెక్కేస్తే కొలత తక్కువ వస్తుంది. వర్ణరేఖకు కూడా రెండువైపులా అలాంటి పొడవాటి రెక్కలుంటాయి. బలమైన గీతకు రెక్కలు మరింత వెడల్పు. ఇంతకుముందు ఆ రెక్కలు నేపథ్యపు చప్పుడులో కలిసిపోయాయి, అందుకని వాటిని లెక్కలోకి తీసుకోలేదు. 3సి నుంచి ఎక్కువ గింజలు పోయాయి, 3డి నుంచి తక్కువ పోయాయి. నిష్పత్తి పడిపోయింది. దశాబ్దాల చిక్కు రెక్కల దగ్గర విడిపోయింది. ఆ వ్యాసం చదివిన రోజు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అంతకుముందు తప్పుగా కొలిచినవాళ్ళే, అదే బృందమే, తమ సంఖ్యను తామే సరిదిద్దుకున్నారు. ఆ సంఖ్య పక్కన తమ పాత సంఖ్యను దాచకుండా పెట్టారు.

తోకచుక్కల సంగతి క్లుప్తంగా చెబుతాను. 1996లో హయకుటాకె తోకచుక్క వచ్చినప్పుడు రోసాట్ ఉపగ్రహం దాని నుంచి ఎక్స్‌రేలు వస్తున్నాయని చూసింది. మంచుముద్ద నుంచి ఎక్స్‌రేలా అని అందరూ నివ్వెరపోయారు. అసలు సంగతి, సౌరపవనంలో, అంటే సూర్యుడి నుంచి వీచే ఆవేశిత కణాల ధారలో, వచ్చే ఆక్సిజన్, కార్బన్ అయాన్లకు ఎలక్ట్రాన్లు దాదాపు లేవు, అవి తోకచుక్క వాయువు దగ్గర ఎలక్ట్రాన్ లాక్కుంటాయి. లాక్కున్న ఎలక్ట్రాన్ పై మెట్ల మీద పడి కిందికి దిగుతూ ఎక్స్‌రే వదులుతుంది. దీన్ని లివర్‌మోర్‌లో ఈబిట్‌తోనే అనుకరించి 2003లో చూపించారు. ఎలక్ట్రాన్ పుంజాన్ని ఆపేసి, అయాన్లను పక్కలకు పోకుండా అయస్కాంత క్షేత్రంతో మాత్రమే పట్టి ఉంచి, వాయువును వదిలారు. పుంజం ఆగిపోయాక కూడా బోను వెలుగుతూనే ఉంది.

యురేనియం దగ్గరికి మళ్ళీ వెళ్దాం. శూన్యం నిజంగా శూన్యం కాదు, అందులో క్షణకాలపు అలజడులుంటాయని క్వాంటం విద్యుద్గతిశాస్త్రం చెబుతుంది. ఆ అలజడి ఎలక్ట్రాన్ శక్తిని కొద్దిగా జరుపుతుంది. హైడ్రోజన్‌లో ఈ జరుగుడు ఒక ఎలక్ట్రాన్‌వోల్ట్‌లో లక్షో వంతులు మూడో నాలుగో. కేంద్రకంలో ప్రోటాన్లు పెరిగేకొద్దీ ఇది దాదాపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఒక్క ఎలక్ట్రానే మిగిలిన యురేనియంలో అది సుమారు 460 ఎలక్ట్రాన్‌వోల్ట్లు. దాన్ని జర్మనీలో డార్మ్‌స్టాట్ దగ్గర నిల్వ వలయంలో కొలిచారు. మూడు ఎలక్ట్రాన్లున్న యురేనియంలో ఇదే ప్రభావాన్ని లివర్‌మోర్ సూపర్ ఈబిట్‌లో ఇంకా సూక్ష్మంగా, రెండో మెట్టు సవరణలు కూడా తెలిసేంతగా 2005లో కొలిచారు. 2023లో హైడెల్‌బర్గ్‌లో ఒకే ఎలక్ట్రాన్ ఉన్న తగరం అయాన్‌ను ఈబిట్‌లో తయారుచేసి, వేరే బోనులోకి పంపి, ఆ ఎలక్ట్రాన్ అయస్కాంత గుణాన్ని కొలిచారు. ఈ అధ్యాయం ఒక్కటే ఇంకో ప్రసంగం అడుగుతుంది, ఇక్కడితో ఆపుతాను.

గడియారం గురించి అడగమని మీలో ఒకరు ముందే చీటీ పంపారు. పదమూడు ఎలక్ట్రాన్లు పోయిన ఆర్గాన్‌లో 441 నానోమీటర్ల దగ్గర నీలపు గీత ఒకటి ఉంది. మిగిలిన ఎలక్ట్రాన్లు కేంద్రకానికి బిగుసుకుని ఉంటాయి కాబట్టి బయటి విద్యుత్ క్షేత్రాలు వాటిని కదిలించలేవు. గడియారానికి అలాంటి మొండితనమే కావాలి. జర్మనీ బ్రౌన్‌ష్వైగ్‌లోని కొలమానాల సంస్థ పీటీబీలో, చిన్న ఈబిట్‌లో పుట్టించిన ఆర్గాన్ అయాన్‌ను ఒక్కదాన్ని బయటికి తీసి, నెమ్మదింపజేసి, బెరీలియం అయాన్ పక్కన కూర్చోబెట్టారు. లేజర్‌తో బెరీలియాన్ని చల్లబరిస్తే పక్కనున్న ఆర్గాన్ కూడా చల్లబడుతుంది. పుట్టినప్పుడు లక్షల డిగ్రీల్లో ఉన్న అయాన్ డిగ్రీలో వెయ్యో వంతు కంటే కిందికి దిగింది. 2022లో దాన్ని గడియారంగా నడిపి చూపించారు. దాని అనిశ్చితిని కాలంలోకి మారిస్తే సుమారు 140 కోట్ల ఏళ్ళకు ఒక సెకను.

ప్రశ్నలకు సమయం ఉందంటున్నారు. ముందు వరుసలో ఉన్న అమ్మాయి అడుగుతోంది: సార్, ఆకుపచ్చ గీతతో మొదలుపెట్టారు, దాన్ని ఈబిట్‌లో ఎవరైనా చూశారా అని.

చూశారమ్మా. చాలా అందంగా చూశారు. హైడెల్‌బర్గ్ ఈబిట్‌లో పదమూడు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుమును తయారుచేసి, పుంజాన్ని ఠక్కున ఆపేశారు. కొట్టేవాళ్ళు లేరు. ఉత్తేజితమై ఉన్న అయాన్లు అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ, ఒక్కొక్కటీ తన సమయం వచ్చినప్పుడు ఒక ఆకుపచ్చ ఫోటాన్ వదిలి శాంతిస్తుంది. ఆ ఫోటాన్లు ఏ వేగంతో తగ్గుతున్నాయో లెక్కపెట్టారు. ఇందాక నేను 16.7 మిల్లీసెకన్లు అన్నానే, అది ఈ ప్రయోగం నుంచి వచ్చిన సంఖ్యే. 2007లో ప్రచురించినప్పుడు పూర్తి విలువ 16.726. జాన్సెన్ వచ్చి వెళ్ళిన మరుసటి ఏడాది గ్రహణంలో కనిపించిన గీత అది.

ఆ గీతను ఇప్పుడు గ్రహణం కోసం ఎదురుచూడకుండా చూస్తున్నాం. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య-ఎల్1లో వెల్క్ అనే కరోనాగ్రాఫ్ ఉంది. అది సూర్యబింబాన్ని తనే కప్పేసుకుని కరోనాను చూస్తుంది. అది చూసే గీతల్లో 530.3 నానోమీటర్ల ఆకుపచ్చ గీత ఒకటి. అక్కడ గీత ఎంత ప్రకాశంగా ఉందో చూసి కరోనాలో ఇనుము ఎంత, వేడి ఎంత అని లెక్కకట్టాలంటే, ఒక్కో అయాన్ ఎంతసేపటికి ఒక ఫోటాన్ వదులుతుందో ముందు తెలియాలి. ఆ సంఖ్య బోను ఇస్తుంది.

ఇంకో మాట, ఇది నీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. హైడెల్‌బర్గ్ కొలత వచ్చిన నాటికి ఈ జీవితకాలానికి ఉన్న మంచి లెక్కలు చాలావరకు 16.6 దగ్గర ఉన్నాయి. కొలత 16.7 అంది. తేడా ఒక శాతం కూడా లేదు. కానీ కొలతలో ఉన్న అనిశ్చితి కంటే అది ఎక్కువ. ఆ వ్యాసం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. పుంజం ఆపాక ఫోటాన్లు తగ్గే వక్రం బొమ్మ అందులో ఉంటుంది. దాని తోక భాగం దగ్గర కాసేపు ఆగి చూడు. నేపథ్యాన్ని ఎలా తీసేశారో చదువు. నీకు ఏమనిపించిందో నాకు రాయి.